కొల్లేటి పరజలు తరలిపోవు వేళ

శీతల దేశములలో వలస పక్షులు వచ్చినచో వసంతము వచ్చినదందురు. కొల్లేటి సీమలో సంగతి తలక్రిందులు. ఇచట అవి వెళ్ళిపోవుటయే వసంతమునకు గుర్తు. చలికాలారంభమున సైబీరియా, మధ్య ఆసియాల నుండి వచ్చిన సూదితోక బాతులు, చెంచామూతి బాతులు ఫిబ్రవరి, మార్చి నెలలలో గుంపులుగా తరలిపోవును. పల్లెలవారు ఈ బాతులను పరజలనుట కలదు. (ఆటపాకలో గూళ్ళు కట్టు గూడబాతులను కూడ కొందరు సైబీరియా పక్షులందురు. అది పొరపాటు. అవి ఈ దేశముననే గ్రుడ్లు పెట్టునవి.)

అదే రోజులలో తాడేపల్లిగూడెమునకు ఉత్తరమున నున్న మెట్టలలో మోదుగ ఆకు రాల్చి ఎఱ్ఱగా పూచును. మోదుగకు తానున్న నేల తేమ, తనపై వీచు గాలి వేడిమి తెలిసిన చాలును. కాని వేల మైళ్ళ కవతల మంచు కరుగు కాలము సమీపించినదని కొల్లేటిలోని బాతుకు తెలియుటెట్లు?

1920 దశకమున కెనడాలో విలియం రోవన్ అను శాస్త్రజ్ఞుడు జంకోలను చిన్న పిట్టలను చలికాలమున ఆరుబయట పంజరములలో నుంచి, ప్రొద్దు గ్రుంకిన పిదప విద్యుద్దీపములు వెలిగించి పగటిని కొద్దికొద్దిగా పొడిగించెను. గడ్డకట్టు చలిలోనే వాటి జననాంగములు వసంతమునందు వలె పెరిగినవి! పిట్టకు కాలము తెలుపునది వేడిమి కాదు, పగటి నిడివి. ఏలూరులో మిక్కిలి పొడుగైన పగటికిని, మిక్కిలి పొట్టి పగటికిని భేదము రమారమి రెండు గంటలే. ఇంత స్వల్పభేదము చాలునా యని విద్యార్థి అడుగవచ్చును. పక్షి శరీరములోనే ఒక వార్షిక గడియారము కలదు. పగటి మార్పు దానిని సరిదిద్దుచుండును.

అయితే గడియారమున్నంత మాత్రమున ప్రయాణము సాగదు, ఇంధనము కావలెను. బయలుదేరుటకు ముందు పక్షి ఎడతెగక మేసి చర్మము క్రింద కొవ్వు నిలువ చేసికొనును. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోగా, మాఘ ఫాల్గుణములలో సరస్సు అంచుల మిగులు మోకాలిలోతు నీరు, బురద, గడ్డిగింజలు, పురుగులే దాని మేత. గట్లు వేసి లోతుగా త్రవ్విన చేపల చెరువులో ఈ మేత దొరకదు. చెరువు అనేక కుటుంబములకు జీవనాధారమన్నది నిజమే. పక్షికి మాత్రమది ఉత్త నీరు. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో రామ్సార్ చిత్తడినేలల జాబితా కెక్కినది. 2006లో ప్రభుత్వము చెరువుగట్లను కొట్టించినది. పిదప కొన్నిచోట్ల అవి మరల లేచినవి.

ఇపుడు ఉత్తరదేశములలో భూతాపము వలన వసంతము ముందుగా వచ్చుచున్నది. పగటి నిడివి మాత్రము మారదు. కనుక బాతు చేరునప్పటికి పిల్లలకు కావలసిన పురుగుల కాలము దాటిపోవు ప్రమాదము కలదు. కొల్లేటి చుట్టుపట్ల పాఠశాలలలో ఏటేట కడపటి పరజగుంపు కనబడిన తేదీ, మొదటి మోదుగపువ్వు విచ్చిన తేదీ ఒకే పుస్తకములో వ్రాసి యుంచవచ్చును. చూచిన చోటు, వేళ, నీటిలోతు కూడ చేర్చవలెను. పక్షి కనబడని దినమున కనబడలేదనియే వ్రాయవలెను.