విమానం నడపడం – మొదటి పాఠం

పొలంలో కలుపు తీస్తుంటాం. పైన చప్పుడు వినిపిస్తుంది. తలెత్తి చూస్తాం. విమానం! పిల్లలైతే అది కనబడకుండా పోయేదాకా చేతులూపుతూనే ఉంటారు.

ఒకరోజు రాత్రి మన చదువు కేంద్రంలో దీని మీద మాట వచ్చింది. ఒక అక్క ఇలా అడిగింది: "బస్సు నేర్పేవాళ్లు పక్కన కూర్చుంటారు. తప్పు చేస్తే బస్సు ఆపేస్తారు. మరి ఆకాశంలో ఎక్కడ ఆపుతారు? మొదటిరోజు ఎట్లా నేర్పుతారు?"

మంచి ప్రశ్న. నాకు వెంటనే జవాబు తెలియలేదు. నేనూ ఎప్పుడూ విమానం ఎక్కలేదు. తర్వాత పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. అది మీకు చెబుతున్నాను.

నేర్పే విమానం చాలా చిన్నది. అందులో నడిపే సామాను రెండు జతలు ఉంటుంది. గురువు ముందు ఒక జత. నేర్చుకునేవారి ముందు ఒక జత. రెండూ లోపల కలిసి ఉంటాయి. మీరు పిడి లాగితే గురువు ముందున్న పిడి కూడా వెనక్కి వస్తుంది. మీరు తప్పు చేస్తే గురువు తన పిడితో సరిచేస్తారు. విమానాన్ని ఆపే పనే లేదు.

మన దేశంలో ఒంటరిగా విమానం నడిపిన మొదటి స్త్రీలలో సరళా థక్రాల్ ఒకామె. అది 1936వ సంవత్సరం. ఆమెకు అప్పుడు 21 ఏళ్లు. నాలుగేళ్ల కూతురు ఉంది. లాహోరులో నేర్చుకుంది. ఆ ఊరు అప్పుడు మన దేశంలోదే, ఇప్పుడు పాకిస్తానులో ఉంది. ఆమె చీర కట్టుకునే విమానం నడిపింది. ఆ విమానం పేరు జిప్సీ మాత్. దాన్ని ఎక్కువగా కొయ్యతో, గుడ్డతో చేసేవారు. పైన కప్పు ఉండేది కాదు. గురువు, శిష్యురాలు ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. ఇంజను మోతలో ఒకరి మాట ఒకరికి వినిపించదు కదా. అందుకని మధ్యలో ఒక గొట్టం పెట్టేవారు. ఆ గొట్టంలో మాట్లాడితే అవతలివారి చెవికి వినిపించేది.

ఇప్పుడు నేర్పే విమానాలకు కప్పు ఉంటుంది. గురువు పక్కనే కూర్చుంటారు. సెస్నా 152 అని ఒక విమానం ఉంది. అది అమెరికాలో తయారైంది. 1985లో దాన్ని తయారుచేయడం మానేశారు. అయినా పాతవి ఇంకా ఎగురుతున్నాయి. ఇద్దరే పడతారు. దాని బరువు సుమారు ఐదు క్వింటాళ్లు. అంటే బాగా మేసిన గేదె ఎంత బరువుంటుందో అంత. ఇంజను బలం మాత్రం రెండు మూడు ట్రాక్టర్లంత.

ఇప్పుడు మీరే మొదటి పాఠానికి వెళ్లారనుకోండి.

వెళ్లగానే ఎగరరు. ముందు విమానం చుట్టూ నడవాలి. చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఏమేమి చూడాలో దాని మీద వరసగా రాసి ఉంటుంది. ఒక్కొక్కటీ చదవాలి. చదివినదాన్ని చూడాలి. చేత్తో తాకాలి. ఆ తర్వాతే రెండోది చదవాలి. టైర్లలో గాలి ఉందా? రెక్కల బోల్టులు ఊడాయా? ఇంజనులో ఆయిలు ఎంత ఉంది? ఇంజను మూత కింద పక్షులు గూడు పెట్టాయా? పక్షులు నిజంగానే పెడతాయి!

రెక్కల్లో పెట్రోలు ఉంటుంది. కొంచెం పెట్రోలును ఒక గాజులాంటి గొట్టంలోకి తీసి వెలుగులో చూస్తారు. ఎందుకో తెలుసా? అందులో నీళ్లు ఉన్నాయేమోనని. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి లోపల చెమ్మ పడుతుంది. కిరోసిన్లో నీళ్లు కలిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. నీళ్లు అడుగుకు చేరతాయి. స్టవ్వు టపటపమని ఆరిపోతుంది. స్టవ్వు ఆరితే మళ్లీ వెలిగించుకోవచ్చు. పైన ఇంజను ఆగితే అంత తేలిక కాదు. చిన్న విమానాల పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు. నీళ్లకు రంగు ఉండదు. అందుకని రెండూ వేరువేరుగా కనిపిస్తాయి.

"రోజూ నడిపేవాళ్లకు కాగితం ఎందుకు? నోటికి వచ్చేసి ఉంటుంది కదా?" అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఇరవై ఏళ్లు నడిపినవారు కూడా కాగితం చూసే చదువుతారు. అది రూలు. ఆ రూలు వెనక ఒక ప్రమాదం ఉంది.

1935 అక్టోబరు 30న అమెరికాలో ఒక కొత్త విమానాన్ని నడిపి చూశారు. బోయింగు కంపెనీది. నాలుగు ఇంజన్లు. అంత పెద్ద విమానం అప్పటికి చాలా అరుదు. నడిపినవారు బాగా అనుభవం ఉన్నవారు. విమానం లేచింది. నిటారుగా పైకి వెళ్లింది. వెంటనే కింద పడి మండిపోయింది. ఇద్దరు చనిపోయారు. ఇంజన్లు బాగానే ఉన్నాయి. మరి ఏమయింది? విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు గాలికి తోక పలకలు కొట్టుకుంటాయి. అలా కొట్టుకోకుండా వాటికి గడియ లాంటిది పెడతారు. ఎగిరే ముందు దాన్ని తీయాలి. ఆరోజు తీయడం మరిచిపోయారు. అంతే.

అప్పటినుంచి జ్ఞాపకాన్ని నమ్మడం మానేశారు. చేయాల్సిన పనులు కాగితం మీద రాసి చదవడం మొదలుపెట్టారు. సెస్నా విమానం కాగితంలో మొదటనే ఉండే మాట ఏమిటో తెలుసా? "పిడికి పెట్టిన గడియ తీయండి." అక్షరాలు కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదువుతున్నామని మనలో కొందరు సిగ్గుపడుతుంటారు. విమానం దగ్గర వేలు పెట్టి చదివినవారిని చూసి ఎవరూ నవ్వరు. గబగబా చదివేవారికే చివాట్లు పడతాయి.

సరే, ఎక్కి కూర్చున్నారు. నడుముకు, భుజానికి పట్టీలు బిగించారు. గురువు కిటికీలోంచి "క్లియర్" అని గట్టిగా అరుస్తారు. ముందున్న పంకా దగ్గర ఎవరూ లేరు కదా అని అడగడమన్నమాట. ఆ పంకా తిరగడం మొదలైతే రెక్కలు కంటికి కనబడవు. ఎవరైనా తెలియక దగ్గరికి పోతే ప్రాణమే పోతుంది.

ఇక్కడ కొత్తవాళ్లందరూ ఒక తప్పు చేస్తారు. ముందున్న పిడి సగం కోసిన కారు స్టీరింగులా ఉంటుంది. విమానం నేల మీద కదలగానే దాన్ని పట్టుకుని కుడికీ ఎడమకూ తిప్పుతారు. విమానం మాత్రం తన దారిన తాను పోతుంటుంది! నేల మీద విమానాన్ని కాళ్లతో తిప్పాలి. కింద రెండు పెడళ్లు ఉంటాయి. ఎడమ కాలు నొక్కితే ఎడమకు, కుడి కాలు నొక్కితే కుడికి. కుట్టు మిషను తొక్కేవారికి కాళ్లతో పని కొత్త కాదు గానీ, చేతులు ఊరుకోవాలి కదా. ఊరుకోవు. గురువు నవ్వి, "చేతులు ఒళ్లో పెట్టుకో" అంటారు.

విమానం లేవడానికి గాలి కావాలి. గాలి ఎటునుంచి వస్తుందో చూడటానికి మైదానంలో గుడ్డ సంచి ఒకటి గడకు కట్టి ఉంటుంది. ధాన్యం తూర్పారబట్టేటప్పుడు మనం గాలి వాటం చూసుకోమా? అలాగే. గాలికి ఎదురుగా విమానాన్ని పరుగెత్తించాలి. గంటకు 90 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి అది నేల వదులుతుంది.

ఎలా లేస్తుంది? ఈదురుగాలిలో చేటను ఎదురుగా పట్టుకోండి. ముందు అంచు కొంచెం పైకి ఎత్తండి. చేట పైకి పోతానంటుంది. తుఫానులో ఇంటి మీది రేకులు లేచిపోవడం కోస్తా వాళ్లు చూసే ఉంటారు. విమానం రెక్క కూడా అలాగే పనిచేస్తుంది. గాలి మీద నుంచి, కింద నుంచి వేగంగా పోతూ రెక్కను పైకి నెడుతుంది. తేడా ఏమిటంటే, విమానం గాలి కోసం ఎదురుచూడదు. తానే పరుగెత్తి గాలి తెచ్చుకుంటుంది. అందుకని పైన వేగం తగ్గిపోకూడదు. పైకి పోవాలని పిడిని మరీ లాగితే ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది. రెక్కకు బలం పోతుంది.

రెండు మూడు వేల అడుగుల ఎత్తుకు వెళ్లాక గురువు మీకు విమానాన్ని అప్పగిస్తారు. దానికి ఒక పద్ధతి ఉంది. "యూ హావ్ కంట్రోల్" అంటారు. విమానం ఇక నీ చేతిలో ఉంది అని అర్థం. మీరు "ఐ హావ్ కంట్రోల్" అనాలి. నా చేతిలోకి తీసుకున్నాను అని అర్థం. మీరు ఆ మాట అన్న తర్వాతే గురువు చేతులు తీస్తారు. మళ్లీ తీసుకునేటప్పుడు కూడా ఇలాగే.

బావి దగ్గర నిండు బిందె నెత్తికి ఎత్తించేటప్పుడు మనం ఏం చేస్తాం? "పట్టుకున్నావా?" అంటాం. "ఆఁ, పట్టుకున్నా" అని అవతలామె అన్నాకే వదులుతాం. ఆ మాట లేకుండా వదిలితే బిందె పగులుతుంది. ఆమె పట్టుకుందని ఈమె, ఈమె పట్టుకుందని ఆమె అనుకుంటే విమానంలో కూడా అదే జరుగుతుంది. ఎవరి చేతిలోనూ లేకుండా పోతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉంది. గుండె దడదడలాడుతుంది. పిడిని గట్టిగా బిగించి పట్టుకుంటారు. అదే రెండో తప్పు. గురువు "రెండు వేళ్లతో పట్టుకో" అంటారు. పిడి కొంచెం లాగితే ముక్కు పైకి. కొంచెం నెడితే కిందికి. ఎడమకు తిప్పితే ఎడమ రెక్క వంగుతుంది, విమానం అటు తిరుగుతుంది. సైకిలు మలుపులో వంగినట్లు. కొత్తవాళ్ల చూపు ముందున్న గడియారాల్లాంటి వాటి మీదే ఉంటుంది. బయటికి చూడాలి. దూరంగా భూమీ ఆకాశమూ కలిసే గీత ఉంటుంది. ఆ గీత విమానం ముక్కు మీద ఎక్కడ ఉందో చూసుకుంటే చాలు. ముక్కు లేస్తోందో, వంగుతోందో తెలిసిపోతుంది.

కొంతసేపయ్యాక గురువు "చేతులు తీసెయ్" అంటారు. భయపడకండి. అన్నీ సరిగా సర్ది ఉంటే విమానం తనంతట తానే తిన్నగా పోతుంది. దాన్ని మనం మోయడం లేదు. దారి చెబుతున్నామంతే. ఈ సంగతి చేతులు తీసేదాకా ఎవరూ నమ్మరట.

"మధ్యలో ఇంజను ఆగితే?" ఇదీ మన కేంద్రంలో అడిగారు. రాయిలా పడిపోదు. గద్ద రెక్కలు ఆడించకుండా జారుతూ వస్తుంది చూడండి, అలా వస్తుంది. ఒక కిలోమీటరు ఎత్తులో ఉంటే గాలి లేనిరోజు దాదాపు తొమ్మిది కిలోమీటర్ల దూరం జారుతుంది. అంతలో చదునైన పొలం చూసుకుని దిగాలి. అది కూడా నేర్పుతారు, కానీ మొదటిరోజు కాదు.

పాఠాలు పొద్దున్నే పెడితే హాయిగా ఉంటుంది. ఎండెక్కితే నల్లరేగడి దుక్కులు వేడెక్కి, వాటి మీది గాలి పైకి లేస్తుంది. చెరువుల మీద అంతగా లేవదు. విమానం ఎగుడుదిగుడు బాటలో బండిలా కుదుపుతుంది. కొందరికి వాంతి వస్తుంది.

మొదటిరోజు దింపడం గురువు పనే. దిగాక ఇద్దరూ ఒక పుస్తకంలో రాస్తారు. తేదీ, విమానం నంబరు, ఎన్ని నిమిషాలు, ఏం నేర్చుకున్నారు. గురువు సంతకం చేస్తారు. ప్రతి పైలటుకూ ఈ పుస్తకం ఉంటుంది. ఇలా నిమిషం నిమిషం కలుపుకుంటూ సరళా థక్రాల్ 1,000 గంటలు ఎగిరింది. 1939లో ఆమె భర్త విమానం కూలి చనిపోయాడు. జీతానికి నడిపే పైలటు కావాలని ఆమె మళ్లీ నేర్చుకోవడానికి వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆ చదువు ఆపేశారు. ఆమె తర్వాత బొమ్మలు వేయడం, చీరల మీద డిజైన్లు వేయడం నేర్చి దానితోనే బతికింది. 2008లో చనిపోయింది.

జీతానికి విమానం నడిపిన మొదటి భారత స్త్రీ ప్రేమ్ మాథుర్. ఆమెకు 1947లో లైసెన్సు వచ్చింది. ఆడమనిషి నడిపితే జనం ఎక్కరని కొన్ని కంపెనీలు కాదన్నాయి. చివరికి ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. 2022లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో వంద మంది పైలట్లలో 15 మంది ఆడవాళ్లు. ప్రపంచం మొత్తం మీద చూస్తే నూటికి అయిదుగురే.

ఎవరైనా నేర్చుకోవచ్చా? 16 ఏళ్లు నిండాలి. పదో తరగతి పాసవాలి. డాక్టరు పరీక్షలో నెగ్గాలి. జీతానికి నడపాలంటే 18 ఏళ్లు ఉండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి. దానికి లక్షల రూపాయలు అవుతాయి. ఈ మాట దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. మన ఊళ్లో ఒక కుటుంబం ఎన్నేళ్లు కష్టపడినా అంత డబ్బు చూడదు.

ఇదంతా చదివి వినిపించాక, మొదట ప్రశ్న అడిగిన అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎక్కించడం బాగానే నేర్పారు. మరి దింపడం ఎప్పుడు నేర్పుతారు?" అంది. దింపడమే కష్టం. దానికి ఎన్నో పాఠాలు కావాలి. లేవడం, చుట్టు తిరగడం, దిగడం, మళ్లీ లేవడం. అలా రోజుల తరబడి చేయిస్తారు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.