ఒకే డిన్నర్, రెండు వంటిళ్ళు: వేరే రాష్ట్రం సంబంధానికి రెస్టారెంట్ ఎలా వెతకాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. అమ్మాయిది ఒక రాష్ట్రం, అబ్బాయిది ఇంకో రాష్ట్రం. ఫంక్షన్ హాల్, వెయ్యి మంది, అదంతా వద్దనుకున్నారు. పొద్దున పెళ్ళి అయిపోతుంది. రాత్రికి రెండు వైపుల దగ్గరివాళ్ళు ఒక డెబ్బై మంది కలిసి మంచి రెస్టారెంట్లో భోంచేయాలి. ఏ రెస్టారెంట్?

మనం వెంటనే ఏం చేస్తాం? ఫోన్ తీసి, మ్యాప్స్ ఓపెన్ చేసి, రేటింగ్ ఎక్కువున్నవి చూస్తాం. తర్వాత ఫొటోలు, తర్వాత మెనూ. నేను చెప్పేది దీనికి పూర్తిగా రివర్స్. ఇలాంటి డిన్నర్‌కి వెన్యూని మెనూలో ఏముందో చూసి ఎంచుకోకూడదు. వచ్చేవాళ్ళలో ఎవరు ఏం తినలేరో చూసి ఎంచుకోవాలి. ఎందుకంటే పెళ్ళికొచ్చి ఎంగిలి పడకుండా వెళ్ళిపోయిన పెద్దాయన గురించి మన ఇళ్ళలో పదేళ్ళయినా చెప్పుకుంటారు. అది ఆకలి విషయం కాదు, "మమ్మల్ని లెక్కచేయలేదు" అనే విషయం.

ఊరికే చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక కేసు తీసుకుందాం. నా బీటెక్ క్లాస్‌మేట్ పెళ్ళి. వాళ్ళది కోనసీమ వైపు బ్రాహ్మణ కుటుంబం. అబ్బాయిది కోల్‌కతా. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు, డిన్నర్ కూడా ఇక్కడే. వెన్యూ వెతికే పని నా నెత్తిన పడింది. వాళ్ళని అడిగే చెప్తున్నా, పేర్లు మాత్రం చెప్పను.

తెలుగు, బెంగాలీ సంబంధం మనకి కొత్తేం కాదు. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ ఛటోపాధ్యాయ 1898లో డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని పెళ్ళి చేసుకున్నాకే సరోజినీ నాయుడు అయ్యారు. కానీ భోజనం దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు వైపులా ఒక పెద్ద చిక్కు ఉంది. దాని పేరు చేప.

అమ్మాయి వాళ్ళింట్లో పెళ్ళి భోజనంలో చేప అనే మాటే రాదు. బెంగాలీ ఇళ్ళల్లో చేప శుభం. పెళ్ళికి ముందు పసుపు వేడుక రోజున అబ్బాయి ఇంటి నుంచి అమ్మాయి ఇంటికి పళ్ళేల్లో కానుకలు పంపిస్తారు, వాటిని తత్త్వ అంటారు. అందులో ఒక పెద్ద రోహు చేప ఉంటుంది. రోహు అంటే మన శీలావతే. దానికి పెళ్ళికూతురిలా చీర చుట్టి, ముక్కుపుడక పెట్టి మరీ పంపేవాళ్ళున్నారు. ఒకరికి మైల అనిపించేది ఇంకొకరికి మంగళం. ఇప్పుడు చెప్పండి, రేటింగ్ 4.5 ఉన్న రెస్టారెంట్ దీనికి ఏం సాయం చేస్తుంది?

అందుకే మొదట లిస్ట్. చాలామంది గూగుల్ ఫామ్‌లో "వెజ్ / నాన్‌వెజ్" అని రెండు బటన్లు పెట్టి ఊరుకుంటారు. అది సరిపోదు. మూడు ప్రశ్నలు కావాలి.

ఒకటి, మీరు అస్సలు తిననివి ఏంటి? ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, ఎలర్జీలు, అన్నీ ఇందులోనే.
రెండు, అది పక్కవాళ్ళ ప్లేట్లో ఉంటే మీకు ఇబ్బందా?
మూడు, అది వండిన వంటింట్లోనే మీ భోజనం కూడా వండితే తింటారా?

ఈ మూడో ప్రశ్నే వెన్యూని డిసైడ్ చేస్తుంది. "నేను వెజ్" అన్నవాళ్ళలో ఎక్కువమందికి రెండో ప్రశ్న దగ్గర సమస్యే ఉండదు. మా లిస్ట్‌లో మూడో దానికి "తినం" అన్నవాళ్ళు తొమ్మిది మంది. అందరూ అరవై దాటినవాళ్ళే. అంటే బెస్ట్ ఫుడ్ ఉన్న చోటు కాదు, ఆ తొమ్మిది మంది కూర్చుని తినగలిగే చోటు వెతకాలి.

ఒక చిన్న టిప్. పెద్దవాళ్ళకి ఫామ్ పంపకండి, ఫోన్ చేయండి. "ఏం తింటారు బామ్మగారూ?" అని అడిగితే "నాదేముంది నాయనా, ఏదో ఒకటి" అంటారు. దాని అర్థం "ఏమీ తినను" అని. "ఈమధ్య బయట ఎక్కడైనా భోంచేశారా? అక్కడ ఏం తిన్నారు?" అని అడగండి. నిజం అప్పుడు బయటికొస్తుంది. మా బామ్మగారు చెప్పింది: "పళ్ళు, మజ్జిగ."

సరే, లిస్ట్ వచ్చింది. ఇప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది, వెజ్, నాన్‌వెజ్ రెండూ ఉన్న మల్టీ క్యుజిన్ రెస్టారెంట్. దొరకడం ఈజీ, కానీ చాలా చోట్ల "సెపరేట్ కిచెన్" అంటే ఒకే గదిలో వేరే స్టవ్ అని అర్థం. రెండోది, ఒకే ఫ్లోర్‌లో రెండు హాళ్ళు, రెండు నిజమైన వంటిళ్ళు. పెద్ద హోటళ్ళలో దొరుకుతుంది, రేటు ఎక్కువ. పైగా రెండు కుటుంబాలు రెండు గదుల్లో తింటే ఇక కలిసి తిన్నట్టేముంది? మూడోది, ప్యూర్ వెజ్ రెస్టారెంట్.

ఇక్కడ చాలామంది తెలుగువాళ్ళు "ప్యూర్ వెజ్ అయితే అందరూ తినొచ్చు కదా, గొడవ లేదు" అంటారు. తినొచ్చు, నిజమే. కానీ అవతలివైపు నుంచి చూడండి. అబ్బాయి నాయనమ్మ, వాళ్ళ భాషలో ఠాకుమా, భర్త పోయినావిడ. ఒకప్పుడు బెంగాల్‌లో భర్త పోయిన ఆడవాళ్ళు చేప, మాంసం, ఉల్లి, వెల్లుల్లి ముట్టకూడదని కట్టడి ఉండేది. ఆవిడ తల్లి అలాగే బతికారట. ఈవిడ మాత్రం చేప మానలేదు. అలాంటి మనిషికి మనవడి పెళ్ళి రాత్రి చేప లేని భోజనం పెడితే, మనకది "అందరికీ ఓకే" మెనూ, ఆవిడకి వాళ్ళమ్మ తిన్న కంచం. వెజ్ అనేది న్యూట్రల్ కాదు ఫ్రెండ్స్. అది కూడా ఒక వైపే.

అందుకని ఠాకుమాకి "ఇలా ఫిక్స్ చేశాం" అని చెప్పలేదు. అబ్బాయి కోల్‌కతా వెళ్ళి ముందు అడిగాడు. తొమ్మిది మంది విషయం చెప్పాడు. ఆవిడ రెండు కండిషన్లు పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం బౌభాత్, అంటే కొత్త కోడలు అత్తింటివాళ్ళకి అన్నం వడ్డించే వేడుక, అందులో చేప ఉండి తీరాలి. డిన్నర్‌లో కూడా చేప కనిపించాలి. ఎలా? చేప ఆకారంలో చేసిన సందేశ్! పాలవిరుగుడు, పంచదారతో చేసే స్వీట్. బెంగాలీ పెళ్ళిళ్ళలో తత్త్వ పళ్ళేల్లో ఇది మామూలే. బామ్మగారు తినొచ్చు, ఠాకుమా శుభం ఆవిడకి దక్కుతుంది. అప్పుడే మేం ప్యూర్ వెజ్ ఓకే అనుకున్నాం. చివరికి సికింద్రాబాద్ వైపు ఒకటి దొరికింది, పైన ఎనభై మంది పట్టే హాలుతో.

ఇంక మెనూ. ఇది నాకు బాగా నచ్చిన పార్ట్. బెంగాలీ వంటల్లో ఉల్లి, వెల్లుల్లి లేని శాకాహారాన్ని నిరామిష్ అంటారు. ఆ లిస్ట్, కోనసీమ లిస్ట్ పక్కపక్కన పెట్టి చూశాం. మనకి అరటిపువ్వు కూర, వాళ్ళకి మోచార్ ఘొంటో. మనకి పనసపొట్టు కూర, వాళ్ళకి పచ్చి పనసకాయతో ఏచోడేర్ దాల్నా. మనం ఆవ పెడతాం, వాళ్ళకి ఆవ లేకుండా వంటే లేదు. మనకి పాయసం, వాళ్ళకి పాయేష్. రెండు వైపులా అన్నమే అసలు భోజనం, రెండు వైపులా చేత్తోనే, ఒకదాని తర్వాత ఒకటి వరసగా. వాళ్ళు చేదుగా ఉండే శుక్తోతో మొదలుపెట్టి పచ్చడి, స్వీట్‌తో ముగిస్తారు. మనం పప్పుతో మొదలుపెట్టి పెరుగుతో ముగిస్తాం. అందుకే బఫే వద్దనుకుని ఆకు వేసి వడ్డించమన్నాం.

ఒక జాగ్రత్త. బెంగాలీ వంటల్లో చూడ్డానికి వెజ్‌లా ఉండేవన్నీ వెజ్ కాదు. పెసరపప్పులో చేప తలకాయ వేస్తారు, సొరకాయ కూరలో రొయ్యలు వేస్తారు. మీరు రెండు రకాలూ వండే చోట బుక్ చేస్తే ప్రతి గిన్నె ముందూ పేరు రాసిన కార్డు ఉండాల్సిందే. ఇంకోటి, వాళ్ళ మిష్టీ దొయ్ తియ్యటి పెరుగు. మామూలు పెరుగు విడిగా చెప్పకపోతే మన పెద్దవాళ్ళు దాన్నే అన్నంలో కలిపేసుకుంటారు!

రెస్టారెంట్ వాళ్ళని అడగాల్సినవి చెప్తా, నోట్ చేసుకోండి. వంటిల్లు చూపిస్తారా? ఉల్లి, వెల్లుల్లి లేకుండా వేరే గిన్నెల్లో, వేరే నూనెలో వండుతారా? బయట నుంచి స్వీట్లు తెచ్చుకోవచ్చా? లిఫ్ట్ ఉందా, కింద కూర్చోలేని వాళ్ళకి వెస్టర్న్ టాయిలెట్ అదే ఫ్లోర్‌లో ఉందా? ఏడున్నరకే వడ్డన మొదలుపెడతారా? ఆ రోజు ఏకాదశో, శనివారమో అయితే ఫలహారం తినేవాళ్ళకి ఏం పెడతారు? చివరగా, టేస్టింగ్‌కి రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరైనా వెళ్ళాలి. మీరొక్కరే వెళ్ళి "బాగుంది" అంటే కుదరదు.

ఇప్పుడు బిల్లు. ప్లేట్ 900 అనుకుందాం, డెబ్బై మందికి 63,000. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం, అంటే 3,150, మొత్తం 66,150. రూమ్ అద్దె రోజుకి 7,500 దాటే హోటల్ లోపలి రెస్టారెంట్ అయితే 18 శాతం, అంటే 11,340, మొత్తం 74,340. అదే భోజనానికి 8,190 తేడా. సర్వీస్ ఛార్జ్ వేరు, అది ట్యాక్స్ కాదు. దాన్ని బిల్లులో ఆటోమేటిక్‌గా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ మాట తేల్చుకోండి. ఇంకా "మినిమమ్ గ్యారంటీ" అని ఉంటుంది. డెబ్బై అని రాసిస్తే యాభై ఎనిమిది మందే వచ్చినా డెబ్బైకే బిల్లు. అరవైకి రాసి, డెబ్బై దాకా పెంచుకునే వీలు అడగండి. మాట మీద వదిలేయకుండా వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి.

ఇదంతా విని "ఇంత చెయ్యాలా బ్రో" అనిపిస్తుందేమో. మూడు ప్రశ్నలు, ఒక రోజు ఫోన్లు, ఒక కిచెన్ విజిట్, అంతే. డెకరేషన్ రంగు కోసం మనం ఇంతకంటే ఎక్కువ టైమే పెడతాం.

ఆ రాత్రి బామ్మగారు పనసపొట్టు కూర రెండోసారి వేయించుకున్నారు. ఠాకుమా మాత్రం పులిహోర బాగుంది కానీ పులుపు ఎక్కువైందన్నారు. అది ఏ పెళ్ళిలోనైనా ఎవరో ఒకరు అనే మాటే కదా!

మీది వేరే కాంబినేషన్ అయితే, తెలుగు, పంజాబీ కావచ్చు, తెలుగు, మలయాళీ కావచ్చు, మీ రెండు వైపులా మూడో ప్రశ్నకి ఏం జవాబొచ్చిందో కామెంట్లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా.