చిన్న బెజ్జం, పెద్ద బెజ్జం

సుషిరమంటే రంధ్రం. గాలితో పలికే వాద్యాలకు మన పెద్దలు 'సుషిర వాద్యాలు' అని పేరు పెట్టారు. వెదురుకూ ఊపిరికీ దక్కని గౌరవం బెజ్జానికి దక్కిందన్న మాట! కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు యీ మాట నిఘంటువులో పరిచయమైంది. అందులోని ఔచిత్యం మాత్రం వేణువు చేతబట్టిన తరువాతనే తెలిసింది.

వేణువులో పలికేది వెదురు కాదు, లోపలి గాలి. రంధ్రాలన్నీ మూస్తే ఆ గాలి స్తంభం పొడుగు, స్వరం మంద్రం. వేలెత్తితే స్తంభం పొట్టిదై స్వరం హెచ్చుతుంది. ఇంతవరకు అందరూ ఎరిగినదే. కాని తెరిచిన రంధ్రం పెద్దదైతే స్తంభం దాదాపు అక్కడనే ఆగుతుంది. చిన్నదైతే దాన్ని దాటి కొంత దూరం సాగుతుంది. కనుక ఒకే స్వరాన్ని నోటికి దగ్గరగా చిన్న బెజ్జంతోనూ రాబట్టవచ్చు, దూరంగా పెద్ద బెజ్జంతోనూ రాబట్టవచ్చు.

మరి ఏది మేలు? పెద్ద బెజ్జంలో నాదం నిండుగా వస్తుంది. వేలిని మెల్లగా జారిస్తే స్వరం నుంచి స్వరానికి గమకం సాఫీగా నడుస్తుంది. చిన్న బెజ్జం మీద ఆ జారుడుకు చోటు తక్కువ. అయితే అది వేలికొన కింద సులువుగా మూతపడుతుంది. పైగా తెరిచిన రంధ్రానికి దిగువవాటిని మూసి స్వరాన్ని కాస్త దించే ఉపాయం చిన్న బెజ్జాల మీద బాగా పారుతుంది. పెద్దవాటి మీద అంతగా పారదు. అక్కడ సగం మూసి పలికించవలసిందే.

ఈ పేచీ సీమలోనూ వచ్చింది. ఇంగ్లండులో చార్లెస్ నికల్సన్ (1795–1837) పెద్ద రంధ్రాల కొయ్య వేణువుతో సభలను మారుమ్రోగించేవాడు. మ్యూనిక్ నగరపు స్వర్ణకారుడు, వేణు విద్వాంసుడు థియొబాల్డ్ బోమ్ 1831లో లండనులో ఆ నాదం విని నివ్వెరపోయాడు. పెద్ద బెజ్జాలను సరైన తావుల్లో వేస్తే వేళ్ళు అందవు. అందేచోట వేస్తే శ్రుతి చెడుతుంది. వేళ్ళకు బదులు మీటలు అమర్చి 1832లో కొత్త వేణువు చేశాడు. 1847లో దాన్నే మరింత సంస్కరించాడు.

మన దేశంలో పన్నాలాల్ ఘోష్ (1911–1960) మీటలు లేకుండానే పొడుగాటి వెదురు వేణువును కచేరీ వేదిక కెక్కించి, ఏడవ రంధ్రం చేర్చాడు. అటువంటి వాద్యానికి చాచిన వేళ్ళూ, చాలా సాధనా కావాలి.

అసలు చిక్కు నేర్చుకొనే పిల్లలది. మా విద్యార్థి ఒకడు పొట్టి వేళ్ళతో తగ్గు శ్రుతి వేణువు పట్టి నెలల తరబడి కీచుమనిపించాడు. "వీడికి సంగీత యోగం లేదు" అని ఇంట్లో తేల్చేశారు. నేను వాడి వేళ్ళు చూశాను. బెజ్జం సరిగా మూస్తే వేలి మీద నిండు సున్న పడాలి. వాడి ఉంగరపు వేలి మీద అరసున్నే ఉన్నది! గాలి అక్కడ కారిపోతున్నది. హెచ్చు శ్రుతి పొట్టి వేణువు ఇస్తే, నెల తిరగకుండా సరళీ స్వరాలు పలికించాడు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి: వేణువు కొనేటప్పుడు రంగూ పూసలూ కాదు, పిల్లవాడి వేళ్ళు చూడండి. చిన్న బెజ్జాన్ని ఆకురాయితో పెద్దది చేయవచ్చు. పెద్దదాన్ని తగ్గించాలంటే మైనమే గతి. 'యోగం లేదు' అన్న మాట కూడా అటువంటిదే. పసి మనసులో ఒకసారి తొలిచిన తరువాత పూడ్చడం కష్టం.