మాత్ర వెనక మురుగునీరు

మీ ఇంట్లో ఉన్న మాత్రల అట్ట ఒకటి తీసి చూడండి. ధర, తయారైన తేదీ, కర్మాగారం చిరునామా అన్నీ ఉంటాయి. ఆ మందు తయారు చేయగా మిగిలిన మురుగునీరు ఎక్కడికి పోయిందో మాత్రం ఉండదు.

హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల కర్మాగారాలు అనేకం. సుమారు 90 కర్మాగారాల మురుగును ఒకే ఉమ్మడి కేంద్రంలో శుద్ధి చేసి వాగులోకి వదిలేవారు. ఆ శుద్ధి అయిన నీటినే స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది! ఇది సూక్ష్మజీవులను చంపే మందు. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్క రోజులో వాగు పాలైన మందు సుమారు 45 కిలోలని వారి అంచనా. అప్పట్లో 90 లక్షల జనాభా గల స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడేది అంతే.

ఇంత మందును తట్టుకోగల సూక్ష్మజీవులే అక్కడ మిగిలి వృద్ధి చెందుతాయి. ఆ శక్తి వ్యాధి క్రిములకు అందిందా, రేపు మనకు జబ్బు చేస్తే మందు పనిచేయదు.

మరి చట్టం లేదా? ఉంది. 1974లోనే జల కాలుష్య నివారణ చట్టం వచ్చింది. దాని ప్రకారం పరీక్షించేది నీటి ఆమ్లత్వం, సేంద్రియ మలినాలు వంటివి. యాంటీబయాటిక్ మందుకు హద్దు పెట్టలేదు. అడగనిదాన్ని ఎవరు కొలుస్తారు?

ఇక ఖర్చు సంగతి. ఇద్దరు తయారీదారులున్నారనుకోండి. మొదటివారు మురుగును బాగా శుద్ధి చేసి, కిలో మందు 2000 రూపాయలకు అమ్ముతారు. రెండోవారు ఆ ఖర్చు మానుకొని 1900కే ఇస్తారు. కొనేవారు ధర ఒక్కటే చూస్తే, బేరం ఎవరికి పోతుందో మీరే చెప్పగలరు. మొదటివారు నిలబడాలంటే చట్టం ఇద్దరి చేతా ఆ ఖర్చు పెట్టించాలి, లేదా కొనేవారే నీటి సంగతి అడగాలి.

అడిగినవారున్నారు. నార్వేలో ఆసుపత్రులకు మందులు కొనే సంస్థ 2019లో కొన్ని యాంటీబయాటిక్స్ బేరంలో పర్యావరణ రక్షణకు 30 శాతం మార్కులు కేటాయించింది. అంతకు ముందు ఏడే కొన్ని పెద్ద మందుల కంపెనీలు కూటమిగా చేరి, మురుగులో ఏ మందు ఎంత మించరాదో తామే ప్రకటించుకున్నాయి. ఎవరి పరీక్షాపత్రం వారే దిద్దుకున్నట్టుంది కదూ! అయినా, కొలవడానికి ఒక అంకె అంటూ దొరికింది.

మన కేంద్ర ప్రభుత్వం కూడా 2020 జనవరిలో యాంటీబయాటిక్స్‌కు హద్దులు నిర్ణయిస్తూ ముసాయిదా విడుదల చేసింది. 2021లో వెలువడిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు.