ధర చూశారు... ఆయుష్షు చూశారా?

ఉప్పల్ చౌరస్తాలో 660 మీటర్ల ఆకాశ వంతెన ఉంది. 2023 జూన్‌లో ప్రారంభించారు. మెట్రో దిగి దాని మీదుగా నడిచిపోయే జనంలో చేతిలో ఫోన్ లేని మనిషిని వెతికి పట్టుకోవడం కష్టం. అటు నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగిన కార్మికుడికి జీతం పడిందని చెప్పేది ఆ ఫోనే. పీఎఫ్ ఎంత జమైందో చూపించేదీ అదే. పిల్లల బడి నుంచి కబురు రావాలన్నా, గ్యాస్ బండ బుక్ చేయాలన్నా, కూరగాయల బండి దగ్గర డబ్బులివ్వాలన్నా... దానివల్లే!

ఇన్ని పనులు చేసే వస్తువును కొనేటప్పుడు మాత్రం మనం అడిగేవి మూడే ప్రశ్నలు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు? ర్యామ్ ఎంత? ఇంకెంత తగ్గిస్తారు? నిజానికి వీటన్నింటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. 'ఈ ఫోన్ ఎన్నేళ్లు బతుకుతుంది?'

స్మార్ట్‌ఫోన్‌కి రెండు ఆయుష్షులుంటాయి. ఒకటి పైకి కనిపించే ఒంటిది. తెర, బ్యాటరీ, బటన్లు ఎంతకాలం పనిచేస్తే అంతకాలం. రెండోది లోపలి సాఫ్ట్‌వేర్‌ది. మొదటిది తీరిపోతే వెంటనే తెలుస్తుంది. రెండోది తీరిపోయిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. ఎందుకంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది మరి!

అమ్మాక కూడా బాధ్యతే

నాచారానికి అవతల ఉన్న ఈసీఐఎల్ 1967లో ఏర్పాటైంది. ఆ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీలు ఒకప్పుడు ఎన్నో ఇళ్లలో ఉండేవి. పాడైతే మెకానిక్ వచ్చి లోపలి భాగమేదో మార్చేవాడు. టీవీ మళ్లీ మాట్లాడేది. స్మార్ట్‌ఫోన్ అలా కాదు. అమ్మేసిన తర్వాత కూడా కంపెనీ దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో దొంగలు దూరే కంత బయటపడిన ప్రతిసారీ దాన్ని పూడ్చే అప్‌డేట్ పంపాలి. కంపెనీ చేతులెత్తేస్తే ఫోన్ అనాథే.

అలా చేతులెత్తేసినవాటిలో చిన్నాచితకా పేర్లే లేవు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలై 2014 నవంబరులో మూతపడింది. అదే ఏడాది నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. ఆ మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఫోన్లకు 2020 జనవరిలో అప్‌డేట్లు ఆపేసింది. ఎల్జీ 2021 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారానికి దండం పెట్టింది. సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచే పాత బ్లాక్‌బెర్రీలకు 2022 జనవరి 4తో సేవలు ఆగిపోయాయి.

మన హైదరాబాద్ కథ కూడా ఉంది. 2009లో ఇక్కడే పుట్టిన సెల్‌కాన్, 2015లో మేడ్చల్‌లో తయారీ యూనిట్ తెరిచింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, ఇంటెక్స్, లావాల్లాగే తక్కువ ధరకు ఫోన్‌ను సామాన్యుడి చేతికి అందించిన పేరు అది. ఇంతలో 2014 జులైలో షావోమీ వచ్చింది. 2016 సెప్టెంబరు 5న జియో 4జీ సేవలు మొదలయ్యాయి. 3జీ ఫోన్ల మీద ఆధారపడిన దేశీ బ్రాండ్లు ఆ వేగాన్ని అందుకోలేక వెనకబడిపోయాయి. బ్రాండ్ ఎంచుకోవడమంటే రంగూ రూపం ఎంచుకోవడం కాదు. రేపు కూడా ఉండే తోడును ఎంచుకోవడం.

అన్నీ ఆండ్రాయిడే... కానీ!

దుకాణంలో పది పేర్లు కనిపిస్తాయి. కానీ చాలావరకు అన్నదమ్ములే. రెడ్‌మి, పోకో షావోమీ ఇంటివి. రియల్‌మీ 2018లో ఒప్పో నీడలోనే మొదలైంది. ఐక్యూ వివో కుటుంబానిది. మోటొరోలా 2014 నుంచి లెనోవోది. ఐఫోన్ తప్పిస్తే దాదాపు అన్నింట్లోనూ నడిచేది గూగుల్ వారి ఆండ్రాయిడే. దాని మీద ఒక్కో కంపెనీ ఒక్కో చొక్కా తొడుగుతుంది. కొన్ని చొక్కాలకు జేబులెక్కువ. మనం అడగని యాప్‌లు, తెర తెరవగానే ప్రకటనలు... ఇలా! తక్కువ ధరకు అమ్మే కంపెనీకి ఆదాయం వేరే దారుల్లోనూ రావాలి కదా. ఫోన్ల వంటి పరికరాల మీద నికర లాభం 5 శాతం మించనివ్వబోమని షావోమీ 2018 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇంటర్నెట్ సేవలు, ప్రకటనలు దానికి మరో ఆదాయ మార్గం. ధర తగ్గినచోట మనం కొంత ఓపికతో చెల్లిస్తున్నామన్నమాట.

అసలు తేడా మాత్రం అప్‌డేట్ల దగ్గరే. ఇందులో రెండు రకాలుంటాయి. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ రావడం ఒకటి. అది హంగు. భద్రతా అప్‌డేట్ రావడం రెండోది. అది తాళం. హంగు లేకపోయినా ఫర్వాలేదు గానీ తాళం లేకపోతే ఎలా?

2023 అక్టోబరులో పిక్సెల్ 8కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ మాటిచ్చింది. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ కూడా అదే మాట చెప్పింది. మధ్యతరగతి అందుకోగలిగే గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ప్రకటించింది. మరోపక్క, చవక ఫోన్లకు రెండు మూడేళ్లకు మించి మాట ఇవ్వని కంపెనీలూ ఉన్నాయి. ఆపిల్ విషయానికొస్తే, 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఆర్‌కు 2024 నాటి ఐఓఎస్ 18 అందింది, 2025లో వచ్చిన ఐఓఎస్ 26 అందలేదు. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కు పదేళ్లు కావస్తుండగా, 2023 జనవరిలో భద్రతా అప్‌డేట్ వచ్చింది. అయినా 2025 మే నుంచి దాంట్లో వాట్సాప్ పనిచేయదు. ఎంత గొప్ప ఫోన్‌కైనా ఒక గడువు ఉంటుంది!

భాగహారం చేద్దాం

పన్నెండు వేల ఫోన్ చవకా? పద్దెనిమిది వేల ఫోన్ చవకా? తొందరపడకండి. మొదటిదానికి మూడేళ్లు భద్రతా అప్‌డేట్లు వస్తాయనుకుందాం. ఏడాదికి నాలుగు వేలు పడింది. రెండోదానికి ఆరేళ్లు వస్తాయనుకుందాం. మధ్యలో బ్యాటరీ మార్పించడానికి మరో రెండు వేలు కలుపుకొన్నా మొత్తం ఇరవై వేలు. ఏడాదికి మూడు వేల మూడొందల పైచిలుకు! ఖరీదైనదే చవక అయింది.

ఇక్కడో మెలిక ఉంది. కంపెనీలు చెప్పే ఏళ్ల లెక్క సాధారణంగా మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. పండగ ఆఫర్‌లో సగం ధరకు వచ్చిన ఫోన్ రెండేళ్ల కిందటి మోడల్ అయితే రెండేళ్ల ఆయుష్షు అప్పుడే ఖర్చయిపోయినట్టే. సెకండ్‌హ్యాండ్‌లో పాతికవేలకు పెద్ద బ్రాండ్ ఫోన్ దొరికిందని సంబరపడేవారూ ఇదే లెక్క చూసుకోవాలి. రెండేళ్లే మిగిలి ఉంటే ఏడాదికి పన్నెండున్నర వేలు!

నమ్మకం ఎక్కడుంది?

పెద్ద పేరున్నంత మాత్రాన పాడు కాదని కాదు. 2016 ఆగస్టులో వచ్చిన శాంసంగ్ నోట్ 7 బ్యాటరీలు అంటుకోవడంతో రెండు నెలలకే దాన్ని పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గిస్తున్నట్టు 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకొంది. తర్వాత తక్కువ ధరకు బ్యాటరీలు మార్చింది. తప్పు జరిగినప్పుడు కంపెనీ ఏం చేస్తుందన్నదే నమ్మకానికి కొలమానం.

మన ఎండల సంగతీ మరవకూడదు. ఫోన్‌ను 35 డిగ్రీలు దాటిన వేడిలో వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గొచ్చని ఆపిలే చెబుతుంది. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం సంగతి తెలిసిందేగా! రేకుల షెడ్డులో చార్జింగ్‌కు పెట్టినా, బైకు హ్యాండిల్‌కు తగిలించి ఎండలో దారి చూసుకున్నా ఏ బ్రాండ్ బ్యాటరీ అయినా త్వరగా ముసలిదవుతుంది. 'ఐపీ68' అని రాసి ఉంటే నీటిని తట్టుకుంటుందని అర్థం. అంతేగానీ, నీళ్లు వెళ్లి పాడైతే వారంటీలో బాగుచేస్తారని కాదు.

ఐరోపా సంఘం 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు తెచ్చింది. ఒక మోడల్ అమ్మకాలు ఆగాక కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు అందించాల్సిందే. మన దేశంలో 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్‌ను ప్రారంభించారు.

పాత ఫోన్ ఎవరికి?

కొత్త ఫోన్ అబ్బాయికి, అబ్బాయి పాత ఫోన్ నాన్నకి, నాన్నది తాతయ్యకి. చాలా ఇళ్లలో ఇదే వరస. పొదుపే, కాదనలేం. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో అన్నింటికన్నా బలహీనమైన తాళమున్న ఫోన్, మోసగాళ్ల మాట త్వరగా నమ్మే మనిషి చేతికి వెళుతోంది. ఆ ఫోన్‌కి లింకయి ఉన్నది ఆయన పింఛను ఖాతా! అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ తాతయ్యకు ఇవ్వాల్సివస్తే మాట్లాడుకోవడానికీ, పాటలు వినడానికీ ఇవ్వండి. బ్యాంకు యాప్‌లు మాత్రం వద్దు. పొరపాటున డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

కొనేముందు...

* ఈ మోడల్ ఎప్పుడు వచ్చింది? భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు? కంపెనీ సైట్‌లో చూసుకోండి.
* ఇంట్లో ఉన్న ఫోన్‌కైతే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏడాది దాటి ఉంటే జాగ్రత్త పడాల్సిందే.
* తెర పగిలితే ఎంత, బ్యాటరీకి ఎంత అని సర్వీస్ సెంటర్‌లో ముందే అడగండి. అది ఇంటికి ఎంత దూరమో కూడా!
* సెకండ్‌హ్యాండ్ అయితే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు తీసుకోండి. కేవైఎం అని ఇంగ్లిషులో టైపు చేసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు ఎస్ఎంఎస్ చేస్తే అది దొంగ ఫోనో కాదో తేలుతుంది.
* బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. వివాదమొస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవడానికి అదే ఆధారం.

మెగాపిక్సెళ్ల సంఖ్య పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆయుష్షు సంగతి మనమే అడిగి తెలుసుకోవాలి. అడిగినందుకు డబ్బులేం తీసుకోరు. అడగకపోతే మాత్రం తీసుకుంటారు!