మందుల షాపు కుర్రాడికి మాస్కు ఎవరిచ్చారు?

జ్వరం వస్తే మొదట ఎక్కడికి వెళ్తాం? నిజం చెప్పండి. ఆస్పత్రికి కాదు, సందు చివర మెడికల్ షాపుకి. "అన్నా, ఒళ్లు నొప్పులు, కాస్త దగ్గు కూడా ఉంది" అంటాం. అతను షీటు నుంచి నాలుగు మాత్రలు కత్తిరించి కవర్లో వేసి ఇస్తాడు. ఓపీ చీటీ లేదు, డాక్టర్ ఫీజు లేదు, గంటల తరబడి కూర్చోవడం లేదు. అంటే ఊళ్లోకి కొత్త వైరస్ వస్తే డాక్టర్ కంటే ముందు దాని ఎదురుగా నిలబడేది మందుల షాపు కుర్రాడే.

నర్సీపట్నం లాంటి ఊళ్లో ఈ సంగతికి ఇంకో కోణం ఉంది. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు లాంటి మన్యం మండలాల వాళ్లకి కొండ దిగితే దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు ఇదే. ఏరియా ఆస్పత్రికో, బ్యాంకు పనికో వచ్చినవాళ్లు తిరుగు బస్సు ఎక్కే ముందు మందులు కొనుక్కుంటారు. అబీద్ సెంటర్ దగ్గర ఒక కౌంటర్ ముందు అంటుకున్న జబ్బు సాయంత్రానికల్లా కొండ మీది పల్లెకి చేరిపోగలదు. అందుకే ఆ కౌంటర్ దగ్గర ఏం జరిగిందన్నది ఒక్క షాపు విషయం కాదు.

తాడు, సున్నం గీతలు, ప్లాస్టిక్ షీటు

2020 మార్చి 25న దేశమంతా షట్టర్లు దిగాయి. తెరిచి ఉంచమన్న కొద్ది వాటిలో మందుల షాపు ఒకటి. అప్పటికే మాస్కుల కోసం జనం ఎగబడుతుంటే, కేంద్రం మార్చి 13న మాస్కుల్నీ శానిటైజర్లనీ నిత్యావసర సరుకుల్లో చేర్చింది. మూడు పొరల మాస్కు 10 రూపాయలు, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలు దాటకూడదని ఆ నెలలోనే ధర కట్టింది. ధర అయితే కట్టారు, సరుకు ఏదీ? "లేవు" అని వందమందికి చెప్పాల్సింది మళ్లీ కౌంటర్ వెనకాల మనిషే.

ఆ ఏప్రిల్‌లో నర్సీపట్నం పేరు దేశమంతా వినిపించింది కూడా మాస్కు గురించే. ఏరియా ఆస్పత్రి మత్తు డాక్టర్ కె. సుధాకర్, సిబ్బందికి ఎన్95 మాస్కులు, పీపీఈ కిట్లు చాలడం లేదని మీడియా ముందు చెప్పారు, సస్పెండ్ అయ్యారు. మరుసటి ఏడాది మేలో గుండెపోటుతో చనిపోయారు. సర్కారీ డాక్టరే మాస్కు కోసం నోరు తెరవాల్సి వస్తే, నెల జీతం మీద పనిచేసే షాపు కుర్రాడి గురించి అడిగేదెవరు?

షాపులవాళ్లు తమకు తోచింది తాము చేసుకున్నారు. ముందు అడ్డంగా తాడు, నేల మీద సున్నంతో గుండ్రాలు, పైనుంచి వేలాడే ప్లాస్టిక్ షీటు, డబ్బులు వేయడానికో పళ్లెం, పక్కన క్యూఆర్ కోడ్. కొందరు నోట్ల మీద కూడా శానిటైజర్ కొట్టారు.

అసలు చిక్కు గాలితో

వీటిలో ఏది పనికొచ్చింది? ముట్టుకుంటే అంటుకుంటుందని మొదట్లో తెగ భయపడ్డాం. 2021 ఏప్రిల్‌కి అమెరికా సీడీసీ లెక్క తేల్చింది. వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం మామూలుగా 10 వేలలో ఒకటి కంటే తక్కువ. మే నెలలో మన కేంద్ర ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం కూడా సన్నటి తుంపర్లు గాలిలో 10 మీటర్ల దాకా వెళ్లగలవనీ, గాలి ఆడేలా చూసుకోండనీ చెప్పింది.

ఇప్పుడు షాపు కొలత చూడండి. రిటైల్ మందుల షాపు లైసెన్సుకి నిబంధనల ప్రకారం ఉండాల్సిన స్థలం కనీసం 10 చదరపు మీటర్లు. అంటే సుమారు 107 చదరపు అడుగులు, ఓ చిన్న పడగ్గది. అందులోనే అరలు, ఫ్రిజ్, అట్టపెట్టెలు, ఇద్దరు ముగ్గురు మనుషులు. ఎదురుగా రోజంతా దగ్గుతూ వచ్చేవాళ్లు. ప్లాస్టిక్ షీటు ఎదురుగా వచ్చే పెద్ద తుంపర్లని ఆపుతుంది కానీ, గాలిలో తేలే సన్నటివి దాని పక్కనుంచి చుట్టూ తిరిగి వస్తాయి. పైగా షీటు మొత్తం మూసేస్తే లోపలి గాలి లోపలే ఉండిపోతుంది.

ఇక్కడో తమాషా ఉంది. షట్టర్ ఎత్తితే ముందంతా ఖాళీగా ఉండే పాతకాలం షాపు, అద్దాల తలుపు బిగించి ఏసీ వేసిన కొత్త షాపు కంటే ఈ విషయంలో మేలు. అయితే చాలా మందుల్ని 30 డిగ్రీలలోపు ఉంచాలి కాబట్టి ఏసీ వద్దనలేం. వెనక గోడకో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, రద్దీ వేళ తలుపు తీసి ఉంచితే చాలా తేడా వస్తుంది. ఖర్చు కూడా పెద్దగా కాదు.

రెండు యాప్‌ల కథ

2020లోనే రాష్ట్ర ప్రభుత్వం మందుల షాపులకి ఓ మొబైల్ యాప్ ఇచ్చింది. జ్వరం, దగ్గు, జలుబు మందులు కొన్నవాళ్ల వివరాలు అందులో ఎక్కించాలి. తెలంగాణలోనూ ఏప్రిల్‌లో ఇలాంటి వివరాలే రాసుకోమన్నారు. ఆలోచన తప్పేం కాదు. టెస్టులు తక్కువగా ఉన్నప్పుడు పారాసెట్మాల్ అమ్మకమే ఒక సిగ్నల్. కానీ అవి ఒకరికి పాజిటివ్ వస్తే వీధికంతా కర్రలు కట్టేసిన రోజులు. పేరు రాస్తారని తెలిస్తే మనిషి ఏం చేస్తాడు? దగ్గు దాచుకుంటాడు, లేదా "తలనొప్పికి" అని అడుగుతాడు. డేటా పాడవుతుంది, జబ్బు మనిషి జాగ్రత్త లేకుండా కౌంటర్ దాకా వస్తాడు. యూజర్‌కి ఏ లాభమూ లేని ఫారంలో యూజర్ నిజం నింపడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఇది రోజూ ఎదురయ్యేదే.

తైవాన్‌లో అదే ఏడాది ఫిబ్రవరి 6 నుంచి హెల్త్ కార్డు మీద, ఫార్మసీల ద్వారా మాస్కుల రేషన్ మొదలైంది. అక్కడి ప్రభుత్వం ఏ షాపులో ఎన్ని మాస్కులు ఉన్నాయో ఆ డేటాని అందరికీ తెరిచింది. దాంతో మామూలు కోడర్లు మ్యాపులు తయారుచేశారు. స్టాకు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుని జనం అక్కడికే వెళ్లారు. మన యాప్ ఎవరు కొన్నారో ప్రభుత్వానికి చెప్పింది. వాళ్ల మ్యాపు ఎక్కడ దొరుకుతుందో జనానికి చెప్పింది. క్యూ తగ్గించేది ఈ రెండోదే.

లెక్కలోకి రాని మనుషులు

వ్యాక్సిన్ 2021 జనవరి 16న ఆస్పత్రి సిబ్బందితో మొదలై, ఫిబ్రవరిలో పోలీసులు, మున్సిపల్ కార్మికుల దాకా వచ్చింది. ప్రైవేటు మందుల షాపుల వాళ్లని మాత్రం ఫ్రంట్‌లైన్ జాబితాలో విడిగా చూపలేదు. పాతికేళ్ల సేల్స్ కుర్రాడికి అర్హత వచ్చింది 18 దాటిన అందరితోపాటే, మే 1 తర్వాత. అప్పటికి సెకండ్ వేవ్ ఊపిరాడనివ్వడం లేదు, డోసులకీ కొరతే. తమ సభ్యుల్లో 650 మందికి పైగా కొవిడ్‌తో చనిపోయారని కెమిస్టుల జాతీయ సంఘం ఏఐఓసీడీ ఆ మేలోనే చెప్పింది. జ్వరం లెక్క రాయడానికి పనికొచ్చిన మనుషులు టీకా లెక్కలో మాత్రం వెనకబడ్డారు.

ఇప్పుడు చేయగలిగింది

మహమ్మారి పోయినా వానాకాలం జ్వరాలు, ఫ్లూ పోలేదు. అదే కౌంటర్, అదే కుర్రాడు. మనం చేయగలిగినవి చిన్నవే:

• దగ్గు, జ్వరం ఉంటే మాస్కు పెట్టుకునే వెళ్లండి. వీలైతే ఇంట్లో బాగున్నవాళ్లని పంపండి.

• మందుల చీటీ ముందే వాట్సాప్‌లో పంపి, కట్టి ఉంచాక వెళ్లి తెచ్చుకోండి. కౌంటర్ దగ్గర పది నిమిషాల పని ఒక్క నిమిషానికి దిగుతుంది. ఇంటికి తెచ్చిస్తారేమో కూడా అడగండి. ఈమెయిల్‌లో వచ్చిన చీటీ మీద చాలా రకాల మందులు ఇంటికి పంపడానికి 2020 మార్చిలో కేంద్రం షాపులకి వెసులుబాటు ఇచ్చింది.

• షాపు మీదైతే, మీవాళ్లదైతే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. జ్వరం వచ్చిన కుర్రాడికి జీతం కోయకుండా సెలవివ్వండి. జీతం పోతుందన్న భయంతో మాత్ర వేసుకుని డ్యూటీకి వచ్చేవాడి ముందు ఏ శానిటైజరూ పనిచేయదు.

ఇక ప్రభుత్వం చేయాల్సింది ఒకటుంది. ఈసారి ఏదైనా వస్తే మాస్కులకీ టీకాలకీ రాసే మొదటి జాబితాలో ఆస్పత్రి పక్కనే మందుల షాపు పేరు కూడా ఉండాలి. ఆ జాబితా రాయడానికి ఇంకో మహమ్మారి వచ్చేదాకా ఆగక్కర్లేదు.