కారు మీద అక్షరం ఊడిందా?

జడ్చర్ల చౌరస్తాలో గాని, సూర్యాపేట బస్టాండు ముందర గాని పది నిమిషాలు నిలబడి, వచ్చీపోయే పాత కార్ల వెనక భాగం గమనించండి. పూర్తి పేరుతో కనిపించేవి తక్కువే. ఒక బండికి మొదటి అక్షరం ఉండదు. ఇంకొక దానికి నడుమ అక్షరం పోయి, పన్ను ఊడిన నోరులా ఉంటుంది. మూడో దానికి అక్షరాలన్నీ ఉన్నా, ఎవరో తిరిగి అతికించినట్టు తెలుస్తూనే ఉంటుంది. చివరి అక్షరం కిందికి జారి, చేను చివర వంకర పోయిన సాలులా కనిపిస్తుంది.

‘పేరు ఊడితే బండి నడవదా?’ అని అడిగేవారున్నారు. నిక్షేపంగా నడుస్తుంది. కాని అమ్మబోయే నాడు కొనేవాడి కన్ను మొదట పడేది అక్కడే. రెండు అక్షరాలు లేకపోతే ‘బండిని సరిగా చూసుకోలేదు’ అని బేరం దించుతాడు. తొందరపడి ఏ జిగురో పూసి అతికిస్తే పెయింటు కూడా చెడుతుంది. అప్పుడు వంద రూపాయల పని వేల రూపాయల పెయింటింగ్ షెడ్డు దాకా పోతుంది.

పూర్వపు కార్లకు లోహపు అక్షరాలు ఉండేవి. వాటి వెనక చిన్న మేకుల్లాంటి పిన్నులుండి, రేకుకు వేసిన రంధ్రాల్లోంచి లోపలికి దూరి, లోపలి వైపు క్లిప్పులతో బిగిసేవి. అక్షరం పోతే రంధ్రాలు మిగిలేవి. వాటిలోంచి వాన నీరు దిగి, డిక్కీ రేకు లోపలి నుంచి తుప్పు పట్టేది. ఇప్పటికీ ఎవరి ఇంటనైనా అటువంటి బండి ఉంటే, అక్షరం దొరికే దాకా ఆగకుండా ముందు ఆ రంధ్రాల అంచులకు ప్రైమర్ పూసి రబ్బరు బిరడాలు పెట్టడం మంచిది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కనుక దాని అక్షరాల కోసం పాత సామాను దుకాణాలు వెతకవలసిందే.

పేరు మారినా జనం నోట పాత పేరు పోదన్నది వేరే సంగతి. 1970ల్లో బొంబాయి ప్రీమియర్ కంపెనీ కారు మీది ఫియట్ పేరు పోయి, చివరకు ప్రీమియర్ పద్మిని అయింది. అయినా దాన్ని ఫియట్ అనేవారే ఎక్కువ. 2011లో హీరో హోండా కంపెనీ హీరో మోటోకార్ప్‌గా మారి, ట్యాంకుల మీద కొత్త గుర్తు వచ్చింది. మన ఊళ్లలో ఇప్పటికీ అది ‘హీరోహోండా’యే!

ఈనాటి కార్లకు ఉన్నవి చాలావరకు క్రోము పూత పూసిన ప్లాస్టిక్ అక్షరాలు. రేకుకు రంధ్రాలు లేవు. రెండు వైపులా జిగురున్న నురుగు టేపు మీదనే నిలబడతాయి. మన రెండు జిల్లాల ఎండలు తెలిసినవే. మే నెలలో చెట్టు నీడ లేని చోట ఆపిన కారు రేకు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి నాసిరకం టేపు మెత్తబడుతుంది, చలికాలం వచ్చేసరికి పెళుసెక్కుతుంది. ఆపైన సర్వీసింగ్ పాయింట్‌లో నీటి పైపు దగ్గరగా పెట్టి కొడితే అక్షరం ఎగిరిపోతుంది. కడిగేవాడికి పైపును అక్షరాలకు ఎడంగా పట్టుకొమ్మని చెప్పాలి. మన బోరు నీళ్లలోని ఉప్పు కూడా అక్షరాల సందుల్లో ఎండి తెల్లగా పేరుకుంటుంది. కడిగిన వెంటనే మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక అతికించే పని. ముందు మిగిలిన అక్షరాలను కదిలించక మునుపే సెల్‌ఫోనుతో ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. అక్షరాల అడుగు అంచుకు ఆనించి పెయింటర్లు వాడే కాగితపు టేపు ఒక వరస అంటించండి. ప్రతి అక్షరం మొదలు, చివర పెన్సిలుతో గీత పెట్టండి. ఈ ఒక్క పని మానేసినవారి బండ్లే చౌరస్తాలో వంకరగా కనిపించేవి. కొత్త అక్షరాలతో కొలత కాగితం వస్తే అదృష్టమే. రాకపోతే అదే మోడలు కారు ఇంకొకటి చూసి, డిక్కీ అంచు నుంచి ఎంత దూరం, అక్షరానికీ అక్షరానికీ ఎంత సందు అన్నది కొలిచి రాసుకోవాలి.

పాత అక్షరం తీయాలంటే స్క్రూడ్రైవరు ముట్టవద్దు. గీత పడిందా, పెయింటింగ్ షెడ్డుకు పోవలసిందే. వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను అక్షరం మీద రెండు మూడు నిమిషాలు ఆనించండి. హెయిర్ డ్రయ్యర్ ఉన్నవారు దాని వేడి చూపవచ్చు. తరువాత చేపల గాలానికి కట్టే నైలాను దారం అక్షరం వెనక దూర్చి, రెండు చేతులా రంపం లాగినట్టు లాగితే టేపు తెగి అక్షరం చేతికొస్తుంది.

రేకు మీద మిగిలిన జిగురును గోటితో, బ్లేడుతో గీకకూడదు. బొటనవేలితో దొర్లిస్తే ఉండలుగా వస్తుంది. రానిదానికి నీలగిరి తైలం గాని, గ్యాస్‌నూనె గాని గుడ్డకు అద్ది తుడవాలి. థిన్నరు జోలికి పోవద్దు. అది జిగురుతో పాటు పెయింటు మెరుపునూ తింటుంది. నూనె వాడినచోట సబ్బు నీళ్లతో కడిగి, ఆరిన తరువాత మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చివరిసారి తుడవాలి. ఆపైన ఆ చోట వేలు కూడా పెట్టకూడదు. చేతి జిడ్డు చాలు, టేపు పట్టు తప్పడానికి.

టేపు మంచిది కొనాలి. బొమ్మలు, పటాలు అంటించే తెల్లని స్పాంజి టేపు మన ఎండకు నిలవదు. కార్లకు వాడే యాక్రిలిక్ టేపు అని అడగండి. అక్షరం వెనక పెట్టి, అంచు వెంట కత్తిరించి, పాత టేపు ఉంటే పూర్తిగా తీసేశాకే అంటించాలి. కాగితపు టేపు గీతల మధ్య అక్షరాన్ని ముందు ఉత్తగా ఆనించి చూసుకోండి. సరిపోయిందనిపిస్తేనే పైపొర తీసి అంటించి, అర నిమిషం గట్టిగా ఒత్తి పట్టండి. ఒకసారి తాకాక జరపడం కుదరదు.

వేళ కూడా ముఖ్యం. నడి ఎండలో కాలే రేకు మీద, డిసెంబరు తెల్లవారుజామున మంచులాంటి రేకు మీద ఈ పని చేయకూడదు. రేకు గోరువెచ్చగా ఉన్నప్పుడు నీడలో చేయాలి. ఈ టేపు ఇరవై నిమిషాల్లో సుమారు సగం పట్టే సాధిస్తుంది. పూర్తి పట్టుకు మూడు రోజులు కావాలి. ఆ మూడు రోజులు బండి కడగవద్దు. చిటికెలో అతుక్కునే సూపర్ గ్లూతో పని కానిచ్చేవారికి ఒక మాట. ఆ జిగురు ఆవిరికి చుట్టూ పెయింటు మీద తెల్లని పొర కడుతుంది. ఎండకు పెళుసెక్కి అక్షరం మళ్లీ ఊడుతుంది. ఈసారి పెయింటు పెచ్చును కూడా వెంటబెట్టుకు పోతుంది.

ట్రాక్టరు బానెట్టు మీది స్టిక్కరు పద్ధతి వేరు. దానికి రేకు మీద సబ్బు నీళ్లు చల్లి, స్టిక్కరును జరుపుకొంటూ, నడుమ నుంచి అంచులకు నీళ్లు నెట్టివేయాలి. అక్షరాల టేపుకు మాత్రం నీళ్లు శత్రువు.

పాత కారు కొనబోయే రైతులకు ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. అక్షరాలు బజార్లో ఎవరైనా కొనవచ్చు. ఎల్ఎక్స్ఐ అన్న చౌక రకం బండి మీద వీఎక్స్ఐ, జడ్ఎక్స్ఐ అక్షరాలు అంటించి ఎక్కువ ధర చెప్పేవారుంటారు. డిక్కీ మీద రాసింది కాదు, ఆర్సీలో మోడలు అన్న చోట ఏముందో చదవండి. ఛాసిస్ నెంబరు దానితో కలుస్తుందో లేదో చూడండి. వెలుతురులో పక్క నుంచి చూస్తే పాత అక్షరాల నీడ కొన్నిసార్లు పెయింటు మీద కనిపిస్తుంది. డిక్కీ ఒక్కటే కొత్తగా మెరుస్తూ అక్షరాలు అసలే లేకపోతే, వెనక నుంచి గుద్దించుకున్న బండేమో అని అడిగి తెలుసుకోవాలి.

కంపెనీ అక్షరాలు మన చేతిలో పనే గాని, నెంబరు ప్లేటు అక్షరాలు కావు. నల్గొండ బండ్లకు ఏపీ 24, మహబూబ్‌నగర్ బండ్లకు ఏపీ 22 ఉండేది. 2014 జూన్‌లో రాష్ట్రం ఏర్పడ్డాక కొత్త బండ్లకు టీఎస్ 05, టీఎస్ 06 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ వచ్చింది. అది చూసి కొందరు పాత ప్లేటు మీద ఏపీని, టీఎస్‌ను గీకి టీజీ రాయించుకుంటున్నారు. ఆర్సీలో ఉన్నదే ప్లేటు మీద ఉండాలి. వేరుగా ఉంటే తనిఖీలో దొరికిపోతారు. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండ్లకు విప్పడానికి వీలులేని తాళంతో, అశోక చక్రం హోలోగ్రాంతో హైసెక్యూరిటీ ప్లేటే వస్తుంది. కనుక ఏపీ 24 కారు ఏపీ 24గానే తిరుగుతుంది. దాని డిక్కీ మీద పేరును మాత్రం ఈ ఆదివారం నీడన కూర్చుని సరిచేసుకోవచ్చు.